బోర్డు మీద ఆ పేర్లు చెరిపేయండి

సంపాదకుడి గారికి,

మనవడికి జ్వరంగా ఉందని కబురొస్తే మొన్న వాడి బడికి వెళ్లాను. ఊళ్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. వరండాలో ఒకటి, రెండు తరగతులు, లోపలి గదిలో మిగతా మూడు. బోర్డు మూలన ‘మాట్లాడినవారు’ అని రాసి, కింద తొమ్మిది పేర్లు. ఆరేళ్ల మావాడి పేరు పక్కన నాలుగు ఇంటూ మార్కులు. ఒళ్లు కాలిపోతున్నా వాడు నోటి మీద వేలు తీయలేదు. నన్ను చూసి కూడా తీయలేదు.

ఆ టీచరమ్మను తప్పుపట్టలేను. పాతికేళ్లు ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచర్‌గా పనిచేశాను, క్లాస్ లీడర్‌తో నేనూ పేర్లు రాయించాను. ఇప్పుడు అది గుర్తొస్తే బాధగా ఉంది. లోపల ఎక్కాలు చెబుతుంటే బయట పాట పాడించాలి, ఒకరి గొంతు మీద ఇంకొకరి గొంతు. ఆ మధ్యలో ఆరేళ్ల పిల్లలు కిక్కురుమనకుండా ఎలా కూర్చుంటారు? విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, టీచరుకు ఒక గది చాలు. అంటే ఐదు తరగతులకు రెండు గదులున్నా చట్టం ఒప్పుకున్నట్టే. అదే చట్టం 17వ సెక్షన్‌లో పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. రోజంతా బోర్డు మీద పేరు ఉండటం పసివాడికి చిన్న విషయమేమీ కాదు.

సర్వీసు చివర్లో మేమిద్దరం టీచర్లం టైంటేబుల్ కలిపి వేసుకున్నాం. చిన్నవాళ్లు పాటలు పాడే పీరియడ్‌లో పెద్దవాళ్లకు రాతపని. పెద్దవాళ్లు పైకి చదివేటప్పుడు చిన్నవాళ్లు వేపచెట్టు కింద చింతగింజలతో లెక్కలు. నేను రెండు చప్పట్లు కొడితే పిల్లలు మూడు కొట్టి ఆగేవాళ్లు. గోల పూర్తిగా పోలేదు, కానీ అరవాల్సిన అవసరం తగ్గింది. వానాకాలంలో మాత్రం చెట్టు పనికిరాదు, గది కావాల్సిందే.

చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో రికార్డుల గురించే ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లం. ఒక్క పూట ఈ టైంటేబుల్ సంగతి చర్చించమని మండల విద్యాధికారులను కోరుతున్నాను. వరండాలో తరగతులు నడుస్తున్న బడులకు వచ్చే జూన్‌లోగా కనీసం ఒక్కో గది మంజూరు చేయాలి. ‘మాట్లాడినవారు’ జాబితాను చెరపడానికి మాత్రం ఎవరి మంజూరూ అక్కర్లేదు, రేపు ఉదయం బెల్లు కొట్టగానే చెరిపేయవచ్చు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా