తేటగా ఉన్నంత మాత్రాన చాలదు: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

మురుగునీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకోవాలన్న మీ ప్రణాళిక మంచి ఆలోచనే. నా పేచీ అంతా పరీక్షలతోనే. శుద్ధి చేసిన నీళ్లు గ్లాసులో పట్టి చూస్తే తేటగా ఉంటాయి, వాసన రాదు, నీటిలో కుళ్లే మలినాలు ఎంత ఉన్నాయో చెప్పే బీఓడీ పరీక్ష పాసవుతాయి. గర్భనిరోధక మాత్రల్లోని ఇథైనైల్ ఈస్ట్రడయోల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్ (స్త్రీ హార్మోన్) మాత్రం అందులోనే మిగిలిపోవచ్చు.

కెనడాలో 2001 నుంచి మూడేళ్లు ఒక ప్రయోగ సరస్సులో దీన్ని లీటరుకు 5, 6 నానోగ్రాములు (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు) ఉండేలా కలిపారు. అంతే! మామూలుగా ఆడ చేపల్లో తయారయ్యే గుడ్డు ప్రొటీన్ మగ చేపల్లో తయారైంది. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప దాదాపు కనుమరుగైంది.

ఓజోన్, యాక్టివేటెడ్ కార్బన్ ఇలాంటి హార్మోన్లను చాలావరకు తీసేస్తాయి. ఆర్‌ఓ పెడితే సరిపోతుందని ఎవరైనా అంటే, అది వడగట్టినవన్నీ పోగై బయటికి వదిలే చిక్కటి నీళ్లు ఎక్కడికి పోతాయో అడగండి.

టెండర్ పిలిచే ముందే ఈస్ట్రోజన్ పరీక్షను షరతుల్లో చేర్చండి. ఫలితాలు ప్రతి నెలా మాకూ చూపించండి.

ఇట్లు,
ఈ నీళ్లు వాడబోయే ఒక పౌరుడు