పాత స్క్రోల్ రంపం మరమ్మతులో జరిగిన నష్టం గురించి ఫిర్యాదు

సర్వీసు విభాగం మేనేజర్ గారికి,

విషయం: 24 అంగుళాల డెల్టా స్క్రోల్ రంపం (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ వంపులు కోసే యంత్రం). చెప్పని పనులు చేయడం, అసలు భాగాలు తిరిగి ఇవ్వకపోవడం.

అయ్యా,

బ్లేడును ఆడించే క్రాంక్ దగ్గర అరిగిన బుష్‌లు (ఇరుసు తిరిగే లోహపు గొట్టాలు) మార్చి, ఆయిల్ కారుతున్న సీలు సరిచేయమని ఈ యంత్రాన్ని మీ వర్క్‌షాపుకు ఇచ్చాను. రంగు జోలికి, నేమ్‌ప్లేట్ జోలికి వెళ్లవద్దని జాబ్ కార్డు మీద రాయించాను కూడా. తిరిగి వచ్చిన యంత్రం కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. నా ఫిర్యాదే అది.

మీవాళ్లు దాన్ని శాండ్ బ్లాస్టింగ్ చేసి, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి పాత రంగు గీకేసి, ఆకుపచ్చ రంగు కొట్టారు. నేమ్‌ప్లేట్ మీద అక్షరాలు అరిగిపోయాయి, సీరియల్ నంబరు చదవడానికి లేదు. "పాత తుప్పే కదా సార్" అని మీ సూపర్‌వైజర్ ఫోన్‌లో అన్నారు. ఆ పలక తుప్పు కాదు. డెల్టా కంపెనీని 1945లో రాక్‌వెల్ అనే కంపెనీ కొనేసింది. పలక మీద ఏ పేరుంది, ఏ ఊరుంది, నంబరు ఎంత అన్నవాటిని బట్టే యంత్రం ఏ కాలానిదో లెక్క కడతారు. నా పలక మీద మిల్వాకీ అని అమెరికా ఊరి పేరు ఉండేది. దాన్ని పట్టుకుని పాత కేటలాగులతో పోల్చి చూస్తున్నాను, ఆ పని సగంలో ఆగింది. అడుగున మిగిలిన అసలు రంగు కూడా ఒక ఆధారమే, అదీ పోయింది. పైగా ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని పొడిగా ఊదేస్తే ఆ ధూళి మీ పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఇది నా నష్టం లెక్కలో రాదు గానీ, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

క్రాంక్ కేస్ విప్పకుండానే బ్లాస్టింగ్ చేసినట్టున్నారు. ఆయిల్ తీసి చూస్తే అడుగున ఇసుక గరగరలాడింది. చక్రపు తిప్పుడును పైకీ కిందికీ కదలికగా మార్చే భాగాలన్నీ ఆ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. ఆ ఇసుకతో నడిపితే మీరు వేసిన కొత్త బుష్‌లు కూడా అరిగిపోతాయి.

పై హెడ్‌లో స్ప్రింగు మార్చారు. అదీ నేను అడగలేదు. ఈ రకం రంపంలో బ్లేడుకు పైన ఉండే ఇనుప చేయి (ఆర్మ్) కదలదు. బ్లేడును కిందికి లాగేది క్రాంకు, తిరిగి పైకి లాగేది ఆ స్ప్రింగు. బ్లేడు వంగకుండా పట్టి ఉంచేంత బిగువు చాలు. మీరు వేసినది ఎంత గట్టిదంటే, సన్న బ్లేడు బిగించి చేత్తో తిప్పినా పుటుక్కున తెగుతోంది.

ఇక వేగం మార్చుకోవడానికి బెల్టు వేసే నాలుగు మెట్ల పుల్లీ తీసేసి ఒంటి పుల్లీ పెట్టారు. 1725 ఆర్‌పీఎం మోటారుతో పాత పుల్లీ నిమిషానికి 650, 1000, 1300, 1750 స్ట్రోకులు ఇచ్చేది. ఇప్పుడు పై వేగం ఒక్కటే మిగిలింది. నెమ్మదిగా కోయాల్సిన ఇత్తడి రేకుకూ అదే వేగమా?

నా అసలు స్ప్రింగు, పుల్లీ, పాత బుష్‌లు నాకు తిరిగి పంపండి. క్రాంక్ కేస్ పూర్తిగా విప్పి, కడిగి, బుష్‌లు మళ్లీ పరిశీలించండి. ఖర్చు మీదే. రంగుకు, బ్లాస్టింగ్‌కు వసూలు చేసిన మొత్తం వెనక్కి ఇవ్వండి. పనికి ముందు మీవాళ్లు ఫొటోలు తీయడం నేను చూశాను. వాటిలో నేమ్‌ప్లేట్ కనిపించేవి ఉంటే వెంటనే పంపండి. డబ్బు కన్నా ముందు నాకు కావలసింది అవే.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే వినియోగదారుల ఫిర్యాదు దాఖలు చేస్తాను. జాబ్ కార్డు నకలు, బిల్లు, క్రాంక్ కేస్‌లోని ఇసుక ఫొటోలు జతపరిచాను.

ఇట్లు,
మీ కస్టమర్

తా.క.: పుల్లీని ఇప్పటికే తుక్కుకు వేసి ఉంటే, ఎవరికి అమ్మారో చెప్పండి చాలు. నేనే వెళ్లి వెతుక్కుంటాను.