కాలువ అవతలి గుమ్మం

కన్నా,

క్షేమంగా చేరాను. ఆదివారం నీ ఆన్‌లైన్ దుకాణంలో కొన్నవాళ్ళ ఇళ్ళకు మొక్కల కుండీలు అందిస్తూ నీ వెంట బండిలో తిరుగుతున్నంతసేపూ నేను చేతి గడియారం చూసుకుంటూ చిన్న పుస్తకంలో రాసుకుంటుంటే, ఏమిటమ్మా అది అని రెండుసార్లు అడిగావు. లెక్క పూర్తికాకుండా నోరు విప్పడం నాకు అలవాటు లేదు. పార్సిల్ ఆఫీసులో 22 ఏళ్ళు బట్వాడా రిజిస్టరు రాశాను కదా, ఎవరు ఎప్పుడు బయలుదేరారు, ఎక్కడ ఎంతసేపు ఆగారు అన్నది రాయకుండా ఉండలేను. ఇప్పుడు కూడికలు వేసి, సరిచూసుకుని రాస్తున్నాను.

మొత్తం తొమ్మిది ఆర్డర్లు. సాయంత్రం 4 గంటలకు బయలుదేరి 7.30కి తిరిగి వచ్చాం. అంటే 210 నిమిషాలు. అందులో బండి కదిలింది 96 నిమిషాలే. తక్కిన 114 నిమిషాలూ గుమ్మాల దగ్గరే గడిచాయి. బండి ఆపుకోవడానికి చోటు వెతకడం, ఫోను చెయ్యడం, వాళ్ళు తీసేదాకా నిలబడడం, కుండీ దింపడం, ఎక్కడ పెట్టాలో అడగడం. సగటున ఇంటికి 12 నిమిషాల పైనే పట్టింది.

ఆ నాలుగో అంతస్తు ఇల్లు గుర్తుందా? లిఫ్టు పనిచెయ్యడం లేదు. పెద్ద మట్టి కుండీని ఛాతీకి ఆనించుకుని, ఆకులు గోడకు రాసుకోకుండా పక్కకు తిరిగి మెట్లెక్కావు. రెండో అంతస్తు మలుపులో కుండీని మోకాలి మీద నిలబెట్టుకుని ఊపిరి తీసుకున్నావు. కింద బండి దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. నువ్వు దిగి వచ్చేసరికి 19 నిమిషాలు. ఆ ఇల్లు నీ గోదాముకు కిలోమీటరున్నర లోపే ఉంది. నీ పట్టికలో అన్నిటికంటే తేలికైన డెలివరీ అదే!

ఇక ఆరో ఆర్డరు, కాలువ అవతలి ఆవిడది. మ్యాపులో గీత గీస్తే 4 కిలోమీటర్లు. ఎదురుగా ఇల్లు కనబడుతూనే ఉంది, మనం మాత్రం వంతెన దాకా వెళ్ళి చుట్టి రావాలి. తీరా చూస్తే రోడ్డు 9 కిలోమీటర్లు. రానూ పోనూ ప్రయాణానికే 44 నిమిషాలు, ఆ గుమ్మం దగ్గర మరో 10. తొమ్మిదిమందిలో ఆవిడ ఒక్కరికే 54 నిమిషాలు ఖర్చయ్యాయి.

ఈ మధ్య డెలివరీ చార్జీ అందరికీ కాస్త పెంచుతానంటున్నావు. పెంచకు కన్నా. నీ చార్జీ తక్కువై నష్టం రావడం లేదు, చార్జీ పడవలసిన చోట పడకపోవడం వల్ల వస్తోంది.

ఎలాగో చెబుతాను. ఒక గంటకు నీకయ్యే ఖర్చు 100 పాళ్ళు అనుకుందాం. ఆ వందలో ఇంధనం, బండి అరుగుదల, బీమా, వాటితోపాటు నీ కూలి కూడా ఉండాలి. ఇప్పటిదాకా నీ కూలి వేసుకోలేదని నీ నోటితోనే చెప్పావు. సొంత పనికి కూలి ఏమిటని అనుకోవద్దు. రేపు నీకు జ్వరం వచ్చి ఇంకొకరిని పంపవలసి వస్తే వాళ్ళకు డబ్బు ఇవ్వాలి కదా, ఆ రోజు ఈ రేటు నిలబడాలి. ఆదివారం మూడున్నర గంటలకు 350 పాళ్ళు. తొమ్మిదిమందికి పంచితే ఒక్కొక్కరికి 39 దగ్గర పడుతుంది. కాలువ అవతలి ఇంటిని పక్కన పెట్టి చూడు. ఎనిమిది ఇళ్ళకు 156 నిమిషాలు, అంటే 260 పాళ్ళు, ఇంటికి ముప్పై రెండున్నర. ఆ ఒక్క ఇంటికి 90. అందరికీ ఒకే రేటు పెట్టినప్పుడు దగ్గరివాళ్ళు ఒక్కొక్కరూ ఆరు పాళ్ళకు పైగా అదనంగా కట్టి, ఆవిడ కట్టని 51 పాళ్ళను భర్తీ చేస్తున్నారు. నీ దగ్గర తరచుగా కొనేది ఆ దగ్గరివాళ్ళే. ఇంకా పెంచితే ముందుగా వెళ్ళిపోయేదీ వాళ్ళే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై అధికారి, తపాలా చార్జీల పద్ధతిని మార్పించిన రోలాండ్ హిల్ అనే ఆయన సంగతి చెప్పేవారు. బ్రిటన్‌లో అప్పట్లో ఉత్తరానికి దూరాన్నిబట్టి, కాగితాల సంఖ్యనుబట్టి చార్జీ వేసి, చాలావరకు అందుకున్నవాళ్ళ దగ్గర వసూలు చేసేవారు. 1837లో హిల్ కూర్చుని లెక్క వేస్తే, లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఒక ఉత్తరాన్ని మోసుకెళ్ళే అసలు ఖర్చు పెన్నీలో 36వ వంతు అని తేలింది. తక్కిన ఖర్చంతా చార్జీ ఎంతో లెక్క కట్టడానికి, రాయడానికి, గుమ్మం దగ్గర వసూలుకు అయ్యేదే. 1840 జనవరిలో దూరంతో పనిలేని ఒకే రేటు వచ్చింది. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. కానీ నీ విషయంలో దాన్ని సగమే తీసుకోవాలి. ఆ తపాలా బండిలో వేల ఉత్తరాలు కలిసి ప్రయాణించేవి కాబట్టి దూరం ఖర్చు కరిగిపోయింది. నీ బండిలో ఉన్నవి తొమ్మిది కుండీలు. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న పేటల్లో ఒకే రేటు న్యాయమే, అక్కడ ఖర్చంతా గుమ్మం దగ్గరే కాబట్టి. ఒక్క ఇంటికోసం వంతెన దాటవలసి వచ్చినప్పుడు ఆ సూత్రం పనిచెయ్యదు.

నీ దుకాణాన్ని నడిపే షాపిఫై సాఫ్ట్‌వేరులో నువ్వు గోదాము చుట్టూ 10 కిలోమీటర్ల వృత్తం పెట్టుకున్నావు. వృత్తానికి కాలువ సంగతి తెలియదు. పైగా 5 కిలోమీటర్ల వృత్తంలో సుమారు 78 చదరపు కిలోమీటర్ల నేల ఉంటే, 10 కిలోమీటర్ల వృత్తంలో 314 ఉంటుంది. దూరం రెట్టింపు చేశాననుకున్నావు, తిరగవలసిన నేల నాలుగింతలైంది. అదే లోకల్ డెలివరీ పేజీలో వృత్తానికి బదులు పిన్‌కోడ్‌ల జాబితా ఇవ్వవచ్చు, ఒకటికి మించి జోన్లు పెట్టుకుని ఒక్కోదానికి వేరే చార్జీ, వేరే కనీస ఆర్డరు పెట్టవచ్చు. మూడు జోన్లు చాలు: దగ్గరి పేటలు, కాస్త దూరం, కాలువ అవతల. ఐదారు జోన్లు చేస్తే నీకే గుర్తుండదు. పిన్‌కోడ్‌లు ఉత్తరాలను వేరు చెయ్యడానికి పుట్టినవే తప్ప దూరం కొలవడానికి కాదు, అందుకని ఒక్కో కోడ్‌లో చివరి వీధి దాకా రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో చూసి జోన్‌లో చేర్చు. ఎప్పుడైనా వూకామర్స్ అనే ఇంకో దుకాణం సాఫ్ట్‌వేరుకు మారితే ఒకటి గుర్తుంచుకో. అక్కడ జోన్లను పై నుంచి కిందికి చూసి, మొదట సరిపోయినదాన్నే తీసుకుంటుంది. చిన్న జోన్ పైన, పెద్దది కింద ఉండాలి. తారుమారైతే అందరికీ పెద్ద జోన్ రేటే పడుతుంది.

కాలువ అవతలివాళ్ళకు 90 పాళ్ళు వెయ్యమని మాత్రం నేను చెప్పను. ఆవిడ కుండీ అందుకున్నప్పుడు మొహం చూశావు కదా, మొక్కను పలకరించినట్టు ఆకు మీద వేలితో నిమిరింది. అలాంటి మనిషిని వదులుకోకూడదు. వారంలో ఒక్క మంగళవారమే కాలువ దాటు. ఆ రోజుకు నాలుగు ఆర్డర్లు పోగైతే 44 నిమిషాల ప్రయాణం నలుగురికి పంచుకుని తలా 11 అవుతుంది. అప్పుడు వాళ్ళకు వెయ్యవలసిన చార్జీ దగ్గరివాళ్ళ చార్జీకి కొంచెమే ఎక్కువ. మంగళవారం దాకా ఆగలేనివాళ్ళకు పూర్తి చార్జీ చూపించు, వాళ్ళే నిర్ణయించుకుంటారు.

ఇంత కొంటే డెలివరీ ఉచితం అని నువ్వు పెట్టిన హద్దు కూడా మార్చాలి. అదే పాళ్ళ లెక్కలో వంద అమ్మితే నీకు పాతిక మిగులుతుంది. డెలివరీకి ముప్పై రెండున్నర ఖర్చయినప్పుడు 130 అమ్మకం మీద వచ్చే లాభమంతా ఆ ఒక్క ప్రయాణానికే సరి. నీ హద్దు దాని పక్కనే ఉంది, అంటే ఆ ఆర్డర్లన్నీ ఊరికే మోస్తున్నావు. హద్దు కనీసం దానికి రెట్టింపు ఉండాలి, అది కూడా దగ్గరి జోన్‌కు మాత్రమే. తగ్గింపు కూపన్ వాడినప్పుడు హద్దును తగ్గింపుకు ముందు మొత్తంతో చూస్తోందా, తరువాత మొత్తంతోనా అన్నది నువ్వే ఒక ఆర్డరు పెట్టి చూసుకో.

బరువు సంగతి క్లుప్తంగా చెబుతాను. పెట్టె ఆక్రమించే చోటును కిలోల్లోకి మార్చడానికి కొరియర్లు చాలావరకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. నీ పెద్ద పెట్టె 40, 40, 50 సెంటీమీటర్లు. తూకంలో 6 కిలోలే, ఆ లెక్కలో 16 కిలోలు. నీ బండిలోనూ అది 16 కిలోల చోటే ఆక్రమిస్తుంది. పెద్ద కుండీలకు చిన్న అదనపు చార్జీ పెట్టు. మెట్లెక్కించడానికి ఇంకొకటి, లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి. అడగడానికి మొహమాటపడకు. ఆర్డరు పెట్టేటప్పుడే ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా అని రెండు ప్రశ్నలు వెయ్యి.

ఏది పెట్టినా అది వస్తువు పేజీలోనే కనబడాలి. చిరునామా, ఫోను నంబరు అన్నీ నింపాక చివరి పేజీలో చార్జీ బయటపడితే మోసపోయినట్టే అనిపిస్తుంది మనిషికి, ఎంత చిన్న మొత్తమైనా సరే. ఇంట్లో ఎవరూ లేక రెండోసారి వెళ్ళవలసివస్తే ఎంతో కూడా ముందే రాసి ఉంచు.

మార్చాక మూడు చిరునామాలతో పరీక్షగా ఆర్డర్లు పెట్టి చూడు: జోన్ హద్దుకు కాస్త లోపల ఒకటి, కాస్త బయట ఒకటి, కాలువ అవతల ఒకటి. తప్పు దొరికితే అక్కడే దొరుకుతుంది.

గడియారం చూసి రాసుకున్న కాగితం ఇందులోనే మడిచి పెడుతున్నాను. ఏడో గుమ్మం దగ్గర సమయం కొట్టివేసి మళ్ళీ రాశాను, రెండోసారి రాసిందే సరైనది. మొదటి మంగళవారం కాలువ దాటేటప్పుడు ముందురోజే ఫోను చెయ్యి. నేనూ వస్తాను. ఆ నాలుగు ఇళ్ళకూ ఎంత పడుతుందో ఇద్దరం కలిసి రాసుకుందాం.

ఆశీస్సులతో
అమ్మ