ఆఖరి బస్సు సంగతి కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో స్టేడియం కడితే ఊరికి దూరంగానే కట్టాలని, అమెరికాలో జట్లే నగరాలు వదిలి శివార్లకు పోతున్నాయని ఒక పాఠకుడు మీ పత్రికలో రాశారు. అలా పోయిన జట్టు ఒకటి నాకు తెలుసు, అట్లాంటా బ్రేవ్స్ అనే బేస్‌బాల్ జట్టు. మా అమ్మాయి వాళ్లుండేది ఆ నగరం ఉత్తరపు శివార్లలోనే. కొత్త స్టేడియంలో ఆట కూడా చూశాను. బేస్‌బాల్ నాకు సగమే అర్థమైంది, అది వేరే సంగతి.

వాళ్లు వదిలేసిన టర్నర్ ఫీల్డ్ స్టేడియం పాతబడిందేమీ కాదు. 1996 ఒలింపిక్స్‌కు కట్టినదాన్ని మార్చి, 1997 నుంచి అందులో ఆడారు. ఇరవై సీజన్లు కాగానే 2017లో ఉత్తరపు శివార్లలోని కాబ్ కౌంటీకి మకాం మార్చేశారు. రవాణా సౌకర్యం సరిగా లేదు, పార్కింగ్ చాలదు, టికెట్లు కొనేవాళ్లలో ఎక్కువమంది ఉత్తరం వైపే ఉన్నారు అని యాజమాన్యం చెప్పింది. ఎవరెక్కడి నుంచి కొంటున్నారో మ్యాపు వేసి మరీ చూపించింది. సరే, మరి కొత్తచోట రైలుందా? అదీ లేదు! అట్లాంటా నగర రవాణా సంస్థ మార్టా నడిపే రైలు కాబ్ కౌంటీలోకే పోదు, 1965లోనే అక్కడి ఓటర్లు మాకొద్దన్నారు. అదే కౌంటీ స్టేడియానికి మాత్రం సుమారు 30 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చింది. మా అల్లుడికి కారుంది కాబట్టి సుఖంగా వెళ్లొచ్చాం. కారు లేనివాళ్ల సంగతేమిటని అడిగితే "బస్సుంది మావయ్యా" అన్నాడు. తనెప్పుడూ ఎక్కలేదట.

నేను తిరుపతి–చెన్నై బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. చెన్నై చేపాక్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉందంటే మన కుర్రాళ్లు పొద్దున రైలుకు పోయి, రాత్రి పసుపు చొక్కాలతో మా బస్సెక్కేవాళ్లు. కాలేజీ పిల్లలు, బట్టల కొట్లలో పనిచేసేవాళ్లు. ఊత్తుకోట రాకముందే నిద్రపోయేవాళ్లు. చేపాక్ నగరం మధ్యలో ఉంది, పక్కనే లోకల్ రైలు స్టేషనుంది. మ్యాచ్ టికెట్టుకు డబ్బులు కూడబెట్టుకుంటే చాలు, ఆటోలకు ఇంకో టికెట్టంత పోయాల్సిన పని లేదు. హైదరాబాదు ఉప్పల్ స్టేడియంలో చాలాకాలం అలా ఉండేది కాదు. అక్కడ 2005లో తొలి అంతర్జాతీయ మ్యాచ్ జరిగితే మెట్రో 2017లో వచ్చింది. ఆ పన్నెండేళ్ల తిప్పలు హైదరాబాదు వాళ్లనడగండి.

తిరుపతిలో జాగా లేదు, నిజమే. బ్రహ్మోత్సవాలప్పుడు లీలామహల్ సర్కిల్ దాటడమే గండం, అక్కడ ఇంకో నలభై వేలమందిని దించమని నేనూ అనను. బయటే కట్టండి. కాకపోతే బైపాస్ పక్కన చవగ్గా వచ్చిందని కాకుండా, రేణిగుంట జంక్షన్‌కు నడిచి వెళ్లగలిగేంత దూరంలో స్థలం చూడండి. రాత్రి మ్యాచ్ ముగిసేసరికి పదకొండు దాటుతుంది. ఆ టైముకు చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి, పుత్తూరు బస్సులు స్టేడియం గేటు దగ్గరే సిద్ధంగా ఉండాలి. ఏ డిపో ఎన్ని బస్సులు పంపాలో ప్లానులోనే రాయాలి. పార్కింగుకు ఎన్నెకరాలో ఎలాగూ రాస్తారు కదా.

– ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్, కొర్లగుంట, తిరుపతి