‘బండి మీదున్నారా?’: కాలనీ సంక్షేమ సంఘం 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదికలో నీళ్ళు, డ్రైనేజీ, వీధి దీపాలు, పండగలు వరసగా వస్తాయి. ఈసారి వాటిని చివర్లో క్లుప్తంగా చెబుతాను. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు పెట్టింది ఒక్క విషయం మీద: బండి నడుపుతూ ఫోన్ మాట్లాడటం. అది పోలీసుల పని కదా, కాలనీ సంఘానికి ఎందుకని మొదట్లో కొందరు సభ్యులు అడిగారు. అందుకే ఇది ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి.

జూన్‌లో, స్కూళ్ళు తెరిచిన వారం. పొద్దున్నే నీళ్ళ ట్యాంకర్ వచ్చి గేటు దగ్గర ఆగింది. ఏ గల్లీకి పంపాలో మన సంయుక్త కార్యదర్శి గారికే తెలుసు. ఆయన అప్పటికే ఆఫీసుకు బయల్దేరారు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారి ఎత్తారు. “ఆరో గల్లీకి పంపండి” అన్నారు. ఇంకేదో అనబోతుండగా పెద్ద చప్పుడు. తర్వాత ఎవరో తెలియని మనిషి గొంతు వినిపించింది. ఫోన్ హెల్మెట్‌లోకి దోపుకొని మాట్లాడుతూ సర్వీస్ రోడ్డు మలుపులో ఆయన డివైడర్‌ను గుద్దుకున్నారు. కుడి కాలు రెండు చోట్ల విరిగింది. మూడు నెలలు మంచం మీదే ఉన్నారు. ఈ సంగతి నివేదికలో రాయడానికి ఆయన, వాళ్ళావిడ ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ ఫోన్ చేసింది నేను. మూడుసార్లు చేసింది నేను.

జులై సమావేశంలో కార్యవర్గానికి ఈ మాట చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు తమ ఫోన్‌లో కాల్స్ లిస్టు తీసి చూసుకున్నారు, వాళ్ళను చూసి ఇంకొకరు. ఉదయం ఎనిమిది నుంచి పది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది: మన కాల్స్‌లో చాలావరకు ఆ వేళల్లోవే. అవన్నీ దారిలో ఉన్న మనుషులకే. ఆఫీసు నుంచి వస్తున్న భర్తకు, కాలేజీ నుంచి వస్తున్న కొడుక్కి, స్కూల్ ఆటో అతనికి, గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయికి. బండి నడిపేవాళ్ళకు బుద్ధి చెప్పే కార్యక్రమాలు ఊరంతా జరుగుతూనే ఉంటాయి. మనం ఫోన్ చేసేవాళ్ళ వైపు నుంచి మొదలుపెడదామని ఆ రోజు అనుకున్నాం.

ఆగస్టులో కమ్యూనిటీ హాల్లో పెట్టిన సమావేశానికి కుర్చీలు చాలలేదు. మన కాలనీలోనే ఉండే న్యాయవాది ఒకరు చట్టాన్ని వివరించారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్ గురించి చెబుతుంది. ఆ చట్టాన్ని 2019లో సవరించారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటం కూడా ప్రమాదకరమైన డ్రైవింగే అని సెక్షన్‌లోనే స్పష్టంగా చేరింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ దొరికితే రెండేళ్ళ దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. ఇది చలాన్‌తో పోయే వ్యవహారం అనుకున్నవాళ్ళే హాల్లో ఎక్కువ. జైలు మాట వినగానే వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. రహదారి భద్రత మీద సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లోనే, ఇలా దొరికినవాళ్ళ లైసెన్సును కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రాష్ట్రాలకు చెప్పిందని కూడా ఆయన గుర్తు చేశారు.

మ్యాప్ చూసుకోవచ్చా అని అందరూ అడిగారు. దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవర్ ధ్యాస చెదరని విధంగా వాడవచ్చని 2020 అక్టోబరు నుంచి కేంద్ర నిబంధనల్లో ఉంది. బండికి స్టాండు బిగించి, బయల్దేరేముందే అడ్రసు కొట్టుకొని, వాయిస్ వింటూ వెళ్ళడం వేరు. ఫ్లైఓవర్ మీద ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో మ్యాప్ జరుపుకోవడం వేరు.

బ్లూటూత్ మాటేమిటని యువకులు పట్టుబట్టారు. చట్టం మాట్లాడేది చేతిలో పట్టుకున్న ఫోన్ గురించే. కానీ ప్రమాదం చేతిలోనే లేదు. 1997లో వెలువడిన ఒక అధ్యయనం కోసం కెనడాలోని టొరంటోలో, ప్రమాదాలకు గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు తిరగేశారు. ఫోన్‌లో ఉన్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. చేతులు ఖాళీగా ఉంచే ఫోన్ వాడినవాళ్ళకు దానివల్ల ప్రత్యేకంగా మేలేమీ కనిపించలేదు. కళ్ళు రోడ్డు మీదే ఉన్నా మనసు అవతలి మనిషి దగ్గర ఉంటే ఎదురుగా ఉన్నది కూడా ఆనదు. మన సంయుక్త కార్యదర్శి గారి రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. ఆ మలుపులో ఆయన రోజూ తిరుగుతారు.

లెక్కల మాస్టారు ఒకరు బోర్డు మీద ఒక చిన్న లెక్క వేశారు. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎవరు ఫోన్ చేశారో అని రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే, కళ్ళు మూసుకొని 33 మీటర్లు పోయినట్టే. మన రెండో గల్లీ మొదటి నుంచి గుడి దాకా అంత ఉండదు. పిల్లలు మర్నాడు టేపు పట్టుకొని కొలిచి చూశారు కూడా.

దేశమంతా కలిపి 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో ఫోన్ వాడకం కారణమని నమోదైన మరణాలు 3,395. ఇది తక్కువ లెక్కేనని నా అభిప్రాయం. ప్రమాదం జరిగాక నేను ఫోన్‌లో ఉన్నానని పోలీసులకు చెప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారు? మన ప్రమాదం కూడా ఆసుపత్రి కాగితాల్లో ‘బండి జారి పడ్డారు’ అనే ఉంది.

ఆ సమావేశంలో తూప్రాన్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన లేచి నిలబడి మాసాయిపేట అన్నారు. అంతే, వివరం అడగాల్సిన పని లేకుండా పోయింది. 2014 జులై 24న కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూల్ బస్సును ప్యాసింజర్ రైలు గుద్దింది. పదిమందికి పైగా పసివాళ్ళు పోయారు. డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడని బతికి బయటపడ్డ పిల్లలు చెప్పినట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. పెద్దాయన అడిగింది ఒక్కటే: “మన పిల్లల ఆటో డ్రైవర్లతో ఎవరైనా మాట్లాడారా?”

మాట్లాడాం. మరుసటి ఆదివారం స్కూల్ ఆటోలు, వ్యాన్లు నడిపే వాళ్ళందరినీ టీకి పిలిచాం. మందలిస్తామనుకొని వాళ్ళు బిగుసుకొని కూర్చున్నారు. మేం మందలించలేదు, అడిగాం. అప్పుడు ఒక డ్రైవర్ తన ఫోన్ తీసి అంతకుముందు శుక్రవారం ఉదయం కాల్స్ చూపించాడు. “అమ్మా, ఇవన్నీ మీవే. ఎక్కడున్నావ్, ఎంతసేపు, బాబు టిఫిన్ బాక్సు మర్చిపోయాడు, కాస్త వెనక్కి రా. ఎత్తకపోతే సాయంత్రం మీరే తిడతారు” అన్నాడు. అక్కడున్న తల్లుల్లో ఇద్దరి నంబర్లు ఆ లిస్టులో ఉన్నాయి. ఆ రోజే కుదిరిన ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. ఆటో బయల్దేరాక తల్లిదండ్రులెవరూ డ్రైవర్‌కు ఫోన్ చేయరు. పది నిమిషాల కంటే ఆలస్యమైతే డ్రైవరే ఆటో పక్కకు ఆపి గేటు దగ్గరి వాచ్‌మన్‌కు చెబుతాడు, వాచ్‌మన్ గ్రూపులో పెట్టిస్తాడు. మర్చిపోయిన టిఫిన్ బాక్సు మనమే తీసుకెళ్ళి ఇస్తాం.

ఇక ఈ ఏడాది పెద్ద ఖర్చు గురించి. గల్లీల బోర్డులు, ఇళ్ళ నంబర్ల పలకలు, గేటు దగ్గర కాలనీ పటం. ఇవి అందం కోసం పెట్టారని కొందరు అనుకుంటున్నారు, అది నిజం కాదు. మన ఇళ్ళ నంబర్లు అందరికీ తెలిసినవే: ఒక ఇల్లు 64, పక్క ఇల్లు 64/ఎ, దాని ఎదురిల్లు 112/3. ఇక్కడే పుట్టినవాళ్ళకే తికమకగా ఉంటుంది. ఫుడ్ డెలివరీ అబ్బాయి ఏం చేస్తాడు? బండి నడుపుతూనే ఫోన్ చేస్తాడు. మనం “నీళ్ళ ట్యాంకు దాటాక ఎడమకు రా, కాదు కాదు ఇంకో ఎడమ” అని బాల్కనీలో నిలబడి దారి చెబుతాం. ఆ అబ్బాయి మెడ వంచి భుజానికి ఫోన్ ఆనించుకొని మలుపులు తిరుగుతుంటాడు, అదే గల్లీలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఈ దృశ్యం రోజూ చూస్తున్నాం, ఎవరికీ తప్పుగా అనిపించలేదు. బోర్డులు పెట్టాక, యాప్‌లో అడ్రసు రాసేటప్పుడు గల్లీ నంబరు, గేటు రంగు రాయమని ఇంటింటికీ చెప్పాక ఆ కాల్స్ బాగా తగ్గాయని డెలివరీ అబ్బాయిలే వాచ్‌మన్‌తో అన్నారు. ఈ ఏడాది చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే.

ట్యాంకర్ల విషయం కూడా మార్చాం. ఏ రోజు ఏ గల్లీకి అన్నది ముందురోజు రాత్రే గ్రూపులో పెడుతున్నాం, ఒక కాపీ గేటు దగ్గర అంటిస్తున్నాం. జూన్‌లో ఆ కాగితం గోడ మీద ఉండి ఉంటే నేను ఫోన్ చేయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఇంట్లో వాళ్ళతో మాట్లాడినప్పుడు అసలు కష్టం తెలిసింది. ఎత్తకపోతే టెన్షన్. అబ్బాయి బండి మీద వెళ్ళాడు, ఒకసారి చేస్తే ఎత్తలేదు, ఏమైందో అని మళ్ళీ చేస్తాం. ఆ భయంలో తప్పు లేదు. కానీ భయపడి చేసే ఆ రెండో ఫోన్, మూడో ఫోనే వాడిని జేబులో చెయ్యి పెట్టేలా చేస్తుంది. మహిళా విభాగం వాళ్ళు దీనికి ఇంటిమాటల్లో ఒక పద్ధతి పెట్టారు. బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్, చేరాక ఒక మెసేజ్. మధ్యలో చేయాల్సే వస్తే ఒక్కసారే. ఎత్తితే మొదటి మాట “బండి మీదున్నారా?” అవునంటే ఇంకో మాట లేకుండా పెట్టేయడం. మొదట్లో ఇది మర్యాద కాదని పెద్దవాళ్ళకు అనిపించింది. ఇప్పుడు మన కాలనీలో ఫోన్ పెట్టేస్తే ఎవరూ నొచ్చుకోవడం లేదు.

ఇంజనీరింగ్ చదివే పిల్లలు రెండు ఆదివారాలు కూర్చొని అందరి ఫోన్లలో సెట్టింగులు మార్చి ఇచ్చారు. ఐఫోన్‌లో డ్రైవింగ్ ఫోకస్, ఆండ్రాయిడ్‌లో డ్రైవింగ్ మోడ్ లాంటివి ఉన్నాయని చాలామందికి అప్పుడే తెలిసింది. “బండి నడుపుతున్నాను, ఆగాక చేస్తాను” అని తెలుగులో జవాబు వెళ్ళేలా కొందరికి పెట్టారు. పిల్లలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఫలించనివి కూడా చెప్పాలి. జనవరిలో రహదారి భద్రతా మాసం సందర్భంగా అందరి చేతా ప్రమాణం చేయించాం, ఫోటోలు దిగాం. ఆ సాయంత్రమే ప్రమాణం చేసినవాళ్ళను చెవికి ఫోన్‌తో గేటు దాటుతుండగా చూశాను. మళ్ళీ అలాంటిది పెట్టవద్దని నా సూచన. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి చెప్పే పద్ధతి రెండు వారాల్లో గొడవలకు దారితీసింది, మానేశాం. కొద్దిపాటి జీతం తీసుకునే మనిషిని కార్లలో తిరిగే మనం కసరడం సరికాదు. ఫోన్ మాట్లాడుతూ నడిపే సభ్యుల ఫోటోలు తీసి పోలీసులకు పంపాలన్న ప్రతిపాదన మీద గట్టి వాదన జరిగింది. ఇరుగుపొరుగు మధ్య నమ్మకం పోతుందని ఎక్కువమంది వద్దన్నారు. నేనూ వద్దనే ఓటు వేశాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాటలు వింటూ బండి నడిపే కుర్రాళ్ళ దగ్గర మాత్రం మనం ఇంకా ఏమీ సాధించలేదు.

నవంబరులో ప్రథమ చికిత్స శిక్షణ జరిగింది. ప్రమాదంలో పడ్డవాళ్ళను మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవాళ్ళకు మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుందని, కేసుల భయంతో వెనక్కి తగ్గవద్దని చెప్పారు. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించిన విషయం కూడా చాలామందికి కొత్త. జూన్‌లో సంయుక్త కార్యదర్శి గారిని ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళిన ఆ తెలియని మనిషి పేరు కూడా మనకు తెలియదు. ఆయనకు ఈ నివేదికలో నమస్కారం పెడుతున్నాను.

మిగతా పనులు. వినాయక చవితికి మట్టి విగ్రహం, బతుకమ్మకు పార్కులో దీపాలు, వానలకు ముందు ఇంకుడు గుంతల పూడిక తీత జరిగాయి. నాలుగో గల్లీ డ్రైనేజీ పని సగంలో ఆగింది, వెంటపడుతున్నాం. ఆదాయ వ్యయాలు కోశాధికారి గారు విడిగా పంచుతున్నారు, బోర్డుల బిల్లులు దానికి జత చేశారు.

సంయుక్త కార్యదర్శి గారు ఫిబ్రవరి నుంచి కర్ర లేకుండా నడుస్తున్నారు. ఆఫీసుకు ప్రస్తుతం బస్సులో వెళ్తున్నారు. వచ్చే ఏడాది కూడా పదవిలో కొనసాగడానికి ఒప్పుకున్నారు, ఉదయం పది దాటేవరకు తనకు సంఘం పని మీద ఎవరూ ఫోన్ చేయకూడదన్న షరతుతో. కార్యవర్గం ఆ షరతును సభ్యులందరికీ వర్తించేలా తీర్మానం చేసింది. సర్వసభ్య సమావేశంలో దాన్ని ఆమోదించమని కోరుతున్నాను. ఎనిమిది, తొమ్మిదో గల్లీలకు ఇంకా బోర్డులు పడలేదు. ఆ గల్లీల వాళ్ళు తమ ఇంటి నంబర్లు కాగితం మీద రాసి గేటు దగ్గరి పెట్టెలో వేయగలరు.

కార్యదర్శి