రాత్రి పడక సరే, మొదటి జీతం దాకా ఏం తినాలి?

సంపాదకులకు,

అయ్యా,

విశాఖ రైల్వే స్టేషన్ బయట, ఆర్టీసీ కాంప్లెక్స్, పూర్ణా మార్కెట్, కేజీహెచ్ (కింగ్ జార్జి ఆసుపత్రి) చుట్టుపక్కల పడుకునే వాళ్లకు దుప్పట్లు, అన్నం పొట్లాలు ఇచ్చే దాతలకు కొదవ లేదు. కాగితాలు పట్టుకుని వాళ్ల వెంట తిరిగే మనిషే కరువు.

మొదటి కాగితం ఆధార్. గుర్తింపు ఉన్న నిరాశ్రయుల షెల్టర్ నిర్వాహకులు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చిరునామాకు చెల్లుతుంది. దాని గడువు మూడు నెలలే కాబట్టి చేతికి రాగానే ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. ఎక్కువగా పని చెడేది ఇక్కడే. కార్డు పోయిందని కొత్తగా నమోదు చేయిస్తారు. పాత వేలిముద్రలు కలిసి, అది డూప్లికేటని తిరస్కరణకు గురవుతుంది. అందుకని ‘ఇదివరకు ఎప్పుడైనా తీయించుకున్నారా?’ అని ముందే అడగాలి. అవునంటే పేరు, జిల్లా చెప్పించి వేలిముద్రతో పాత నంబరే వెతికించాలి. హార్బర్‌లో, సిమెంటు పనిలో అరిగిన వేళ్లను మిషన్ పట్టకపోతే కనుపాప స్కాన్ చేయమని గట్టిగా అడగాలి.

ఆధార్ వచ్చేదాకా బ్యాంకు ఖాతా ఆపనక్కర్లేదు. అధికారి ఎదుట ఫొటో మీద సంతకమో వేలిముద్రో వేస్తే స్మాల్ అకౌంట్ తెరవొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. నిల్వ 50 వేలు, నెలలో తీసేది 10 వేలు దాటకూడదు. ముందు 12 నెలలు నడుస్తుంది. ఈలోగా గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసినట్టు చూపితే మరో 12 నెలలు పొడిగిస్తారు. కౌంటర్‌లో ‘ఆధార్ లేకుండా కుదరదు’ అంటే వెనక్కి రాకుండా మేనేజరును కలవాలి.

ఇక పని. దొరకడం అంత కష్టమేమీ కాదు. హోటళ్లు, కేటరింగ్, సెక్యూరిటీ, ఆటోనగర్ షెడ్లు, ఎక్కడో ఒకచోట తీసుకుంటారు. చేరిన పదో రోజుకే మానేస్తే ‘వీళ్లింతే, ఒళ్లు వంగదు’ అంటారు. లెక్క వేసి చూడండి. అడ్డా కూలికి సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుంది. నెల జీతమైతే మొదటిసారి అందుకోవడానికి ఐదారు వారాలు పట్టొచ్చు. అన్న క్యాంటీన్‌లో మూడు పూటలా 15 రూపాయలకే తిన్నా, బస్సు చార్జీలు, సబ్బు, యూనిఫాం డబ్బులు ఎక్కడివి? జేబు ఖాళీ అయిన రోజు తెల్లారేసరికి మనిషి అడ్డాలో ఉంటాడు. మొదటి రెండు నెలలు వారం వారం కొంత చేతికిచ్చి, నెలాఖరున జీతంలో కోసుకునే యజమానితో ముందే మాట్లాడి పెడితే ఈ గండం గడుస్తుంది.

గది అంతకన్నా పెద్ద గండం. నెల అద్దెతో పాటు అడ్వాన్సు, పూచీకి ఓ మనిషి కావాలి. రెండు జీతాలు పడేదాకా షెల్టర్‌లో ఉండనిచ్చి, అదే షెల్టర్‌లో కలిసిన ముగ్గురిని ఒకే గదికి పంపడం మేలు. ఒకరి పని పోయినా గది నిలుస్తుంది.

పొద్దున్నే తాళం వేసే షెల్టర్‌తో ఇవేవీ సాగవు. నైట్ డ్యూటీ వాచ్‌మన్ పగలు ఎక్కడ పడుకుంటాడు? జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు 24 గంటలూ తెరిచి ఉండాలనే చెప్పాయి. మనిషికి 50 చదరపు అడుగులు, లక్ష జనాభాకు కనీసం వంద మందికి వసతి అన్నవీ వాటిలోనివే. తాళం ఉన్న పెట్టె కూడా మనిషికొకటి కావాలి. మూటలో పెట్టిన కాగితాలు ఒక్క వానకు ముద్దైపోతే మళ్లీ మొదటికే వస్తాం.

మతి స్థిమితం లేక రోడ్ల మీద తిరిగేవారిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చే బాధ్యతను 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ పోలీసుల మీద పెట్టింది. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. చికిత్స అయ్యాక బయటికొచ్చిన మనిషికి మందులు వేళకు ఇచ్చే చోటే దొరకడం లేదు.

2011 లెక్కల్లోనే నగర జనాభా 17 లక్షలు దాటింది. ఆ లెక్కన కనీసం 1,700 మందికి షెల్టర్లలో చోటు ఉండాలి. ఏ వార్డులో ఎన్ని ఉన్నాయి, రాత్రికి ఎన్ని పడకలు ఖాళీ అన్నది రైల్వే స్టేషన్, కాంప్లెక్స్, కేజీహెచ్ గేట్ల దగ్గర తెలుగులో బోర్డు పెట్టించాలని జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్‌ గారిని కోరుతున్నాం.

— నిరాశ్రయుల వసతి పనుల్లో ఉన్న కొందరం, విశాఖపట్నం