కవికి విగ్రహం సరే, ఇల్లు మాటేమిటి?

సంపాదకులకు,

కవుల విగ్రహాల మీద మీ పత్రికలో నడుస్తున్న చర్చ చదివాక, నేనుంటున్న టొరంటో నుంచి ఒక సంగతి రాయాలనిపించింది. ఇక్కడి క్వీన్స్ పార్కులో ఆల్ పర్డీ అనే కవి విగ్రహం ఉంది. 2008లో పెట్టారు. ఏళ్ల తరబడి దాని పక్కనుంచే ఆఫీసుకు నడిచాను, ఒక్కసారి కూడా ఆగి పేరు చదవలేదు. ఆయన కవిత్వం మీదికి నా మనసు పోయింది ఆయన ఇల్లు చూశాకే.

పర్డీ హైస్కూలు మధ్యలోనే మానేశాడు. 1930ల్లో పనుల్లేని రోజుల్లో గూడ్సు బళ్లెక్కి దేశం తిరిగాడు. తర్వాత వాంకూవర్‌లో పరుపుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1944లో సొంత డబ్బుతో వేసుకున్న మొదటి పుస్తకం గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. 1957లో, నలభైకి దగ్గరపడ్డాక, భార్య యూరిత్‌తో కలిసి అమీలియాస్‌బర్గ్ అనే పల్లెలో రాబ్లిన్ సరస్సు ఒడ్డున ఇల్లు మొదలుపెట్టాడు. కూల్చిన కట్టడాల నుంచి తెచ్చిన పాత కలప, రెండు వైపులా ఏటవాలుగా దిగిన పైకప్పు. చేతిలో డబ్బు లేదు, వడ్రంగమూ అంతంత మాత్రమే.

అసలు పర్డీ ఆ ఇంట్లోనే తయారయ్యాడని నా అభిప్రాయం. సరస్సుకు అవతల చర్చి శిఖరానికి కొత్త రేకు తొడుగుతున్న పనివాణ్ణి ఇవతలి నుంచి చూస్తూ రాసిన పద్యం ఒకటుంది. అంత ఎత్తున ఒంటరిగా వేలాడుతూ పనిచేసుకుంటున్న ఆ మనిషిని చదువుతుంటే మన అరచేతులకు చెమట పడుతుంది. 1965 పుస్తకానికి కెనడాలో పెద్ద సాహిత్య పురస్కారమైన గవర్నర్ జనరల్ అవార్డు వచ్చింది, 1986లో మరోసారి.

2000లో ఆయన పోయాక ఇల్లు ఎవరో కొని పడగొట్టేస్తారేమోనన్న భయం పట్టుకుంది. రచయితలు, పాఠకులు చందాలు పోగుచేశారు, అందుకోసమే ఒక సంకలనం వేసి అమ్మారు. 2012లో ఇల్లు కొన్నారు. అయితే తాళం వేసి మ్యూజియం చేయలేదు! 2014 నుంచి కవుల్ని పిలిచి, కొన్ని వారాలు అక్కడే ఉంచి, ఖర్చులకు డబ్బిచ్చి రాసుకోమంటున్నారు.

విజయనగరంలో గురజాడ ఇల్లు నిలబెట్టుకున్నాం, సంతోషం. ఏడాదికి ఒక్క నెల ఆ ఊళ్లో ఒక కొత్త కవికి బస ఇచ్చి, పగలు ఆ ఇంట్లో కూర్చుని రాసుకోనిస్తే? బసకు, భోజనానికి ఎంతవుతుందో అక్కడివారెవరైనా లెక్క వేసి మీ పత్రికకు రాస్తే, ఇక్కడ మిత్రుల దగ్గర చందా అడిగే పని నాది.

— ఒక పాఠకుడు, టొరంటో